గుడారం గోడమీద మావగారు

అత్తవారింట్లో నాకొక కుర్చీ ఉండేది. టేకు కుర్చీ. చేతులు వెడల్పుగా, వీపు వెనక కేను అల్లికతో ఉండేది. నేను నందిగామలో బస్సెక్కి పెనుగంచిప్రోలులో దిగి వాళ్ళ వీధి మలుపు తిరిగేసరికి ఎవరో ఒకరు చూసి లోపలికి కేకేసేవాళ్ళు. నేను గుమ్మం చేరేలోపు ఆ కుర్చీ వరండాలోకి వచ్చి, ఉతికిన తువ్వాలు కప్పుకుని సిద్ధంగా ఉండేది. ఇక సోమవారం పొద్దున్నే మొదటి బస్సు వచ్చేదాకా దానికీ నాకూ ఎడబాటు లేదు.

ఇది డెబ్భయ్యో దశకం చివరి మాట. పెళ్ళయి ఏడాది. మా ఆవిడ తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. నేను శనివారం ఆఫీసు అయిపోగానే వచ్చేసేవాణ్ణి. మా ఇంట్లో అయితే మా అమ్మ నా చేత నీళ్ళు తోడించేది, పిండిమరకు పంపేది, కిరసనాయిలు క్యూలో నిలబెట్టేది. పైగా నాది కరెంటాఫీసులో ఉద్యోగం. స్తంభాలూ తీగలూ ఫ్యూజులతో సహవాసం. చేతిలో కటింగ్ ప్లయరు లేకపోతే నాకు చేతులెక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

అత్తవారింట్లో ఆ చేతులు కుర్చీ చేతుల మీద పెట్టుకోవాలి. అంతే. ఓసారి తిన్న కంచం నేనే ఎత్తబోతే, గుమ్మం చాటున నిలబడ్డ అత్తగారు పాము కనబడినట్టు "అయ్యో" అంది. ఇంకోసారి గరగరలాడుతున్న రేడియో వెనక మూత విప్పబోయాను. మావగారు పరుగున వచ్చి, "మీకెందుకండీ అల్లుడుగారూ శ్రమ!" అని ఆ రేడియోనే లోపల పెట్టించేశారు. ఆ సాయంత్రం వార్తలు కూడా పోయాయి. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు గానీ, కొండల సంగతేమో, కూర్చున్నవాడి ఓపిక మాత్రం అంతకంటే ముందే కరుగుతుంది.

అత్తగారు నాతో నేరుగా మాట్లాడేది కాదు. అప్పటి మర్యాద అది. తలుపు వెనక నిలబడి, నా పక్కనే ఉన్న మా ఆవిడతో, "మీ ఆయన్ని కాఫీ తాగుతాడేమో అడుగమ్మా" అనేది. నాకు ఆ మాట శుభ్రంగా వినబడేది. అయినా మా ఆవిడ నావైపు తిరిగి, "కాఫీ తాగుతారా?" అని అడగాలి. నేను "తాగుతా" అనాలి. మా ఆవిడ తలుపువైపు తిరిగి, "తాగుతారటమ్మా" అని చెప్పాలి. మూడడుగుల దూరానికి ఇంత రాయబారం నడిచేది.

నాకు కావలసిందల్లా ఒక్కటే. ఆ ఇంట్లో ఎవరో ఒకరు నాకో పని చెప్పాలి. చెప్పి, అది సరిగా చెయ్యలేదని తిట్టాలి. పరాయివాణ్ణి ఎవరూ తిట్టరు. ఈ మాట మా ఆవిడతో అంటే, "తిట్లు కావాలా? నేను లేనూ?" అంది. అది వేరే లెక్క.

మావగారు మిరపా పత్తీ పండించే పెద్ద రైతు. పొలం ఎంత ఇష్టమో తెలియదు గానీ, గాలం అంటే మాత్రం ప్రాణం. ఇల్లు ఊరి చివర. పెరటి గోడ దాటి నాలుగడుగులు వేస్తే మున్నేటి గట్టు. సంక్రాంతి వెళ్ళి ఏరు సన్నబడి, మడుగుల్లో నీళ్ళు నిలిచాక, సాయంత్రాలు ఆయన కాలక్షేపం మడుగు ఒడ్డునే. పొద్దు వాలే వేళకే చేప ఎరకు బాగా వస్తుందని ఆయన సిద్ధాంతం. ఆ వేళకే చలిగాలీ వస్తుందని అత్తగారి సిద్ధాంతం. ఎందుకంటే ఆయనకు ఆయాసం. చలికాలం వస్తే రాత్రుళ్ళు గోడకానుకుని కూర్చుని ఊపిరి లాగేవారు.

ఆ రెండు సిద్ధాంతాలకీ రాజీగా పుట్టిందే గుడారం. తెల్ల యూరియా బస్తాలు విప్పి, కడిగి, అత్తగారు తన చేత్తో దబ్బనం పట్టి పురికొసతో కుట్టింది. లోపల నాలుగు వెదురు బొంగులు. విప్పి చుడితే ఒక మనిషి భుజాన వేసుకుపోయేంత కట్ట, పాతితే ఒక మనిషి కాళ్ళు చాపుకునేంత ఇల్లు. ముందువైపు ఏటికి తెరిచి ఉంటుంది. మిగతా మూడువైపులా బస్తాల గోడ. చలిగాలి ఒక్క రవ్వ లోపలికి రాదు. వెలుగూ రాదు. ఆరయ్యేసరికి లోపల ముక్కు పొడుచుకున్నా కనబడని చీకటి.

మొదట లాంతరు పెట్టుకున్నారు. వారం తిరక్కుండా దగ్గు రెట్టింపయింది. మూసిన గుడారంలో కిరసనాయిలు పొగ పీలిస్తే దగ్గు రాక పాట వస్తుందా అని అత్తగారు లాంతరు లాక్కుంది. తర్వాత టార్చిలైటు తలపాగాలో దోపుకున్నారు. ఆయన ఎటు తల తిప్పితే వెలుగు అటు పోయేది, ఎర గుచ్చే చెయ్యి చీకట్లో ఉండిపోయేది. ఒకరోజు ఎర్రకు, అదే వానపాముకు, గుచ్చాల్సిన గాలం బొటనవేలికి గుచ్చుకుని ఇంటికొచ్చారు. ఆ సీజనులో ఆయన పట్టిన వాటిలో అదే పెద్దదని మా ఆవిడ అంది.

అప్పుడు అత్తగారే అంది, పొగ రాని దీపం పెట్టుకోమని. అంటే బాటరీ దీపం.

కుర్చీలో ఉన్న నాకు ప్రాణం లేచొచ్చింది. బాటరీ, తీగ, బల్బు. ఇది నా పని. ఈ భూమ్మీద ఆ ఇంటికి నేను పనికొచ్చే విషయం ఏదైనా ఉంటే అది ఇదే. "నేను పెడతానండీ మావయ్యగారూ, అరగంట పని" అన్నాను.

మావగారి మొహం పాలిపోయింది. "ఎంత మాట! అల్లుడుగారి చేత తీగలు కట్టించామంటే ఊళ్ళో మొహం ఎక్కడ పెట్టుకుంటామండీ? మీరు కూర్చోండి" అన్నారు. కూర్చున్నాను.

జగ్గయ్యపేట నుంచి మైకు సెట్టాయన్ని పిలిపించారు. పెళ్ళిళ్ళకూ తిరునాళ్ళకూ లైట్లు కట్టే మనిషి. మా పెళ్ళికీ ఆయనే. మా పెళ్ళి ఫొటోల్లో నేను కళ్ళు మూసుకుని ఉండటానికి నా సిగ్గు కారణం కాదు, ఆయన పెట్టిన ఫోకస్ లైట్లు. ఆయనకు తెలిసిన దీపం ధర్మం ఒక్కటే: అందరికీ అన్నీ కనపడాలి. సైకిలు వెనక పాత కారు బాటరీ కట్టుకుని వచ్చి, గుడారం పాతించి, పెళ్ళిపందిరి చూసినట్టు నాలుగువైపులా చూసి, ముందు బొంగుకి మనిషి ఛాతీ ఎత్తున లారీ హెడ్‌లైటు బల్బు బిగించాడు. చేతుల మీదా వెలుగు, నీళ్ళ మీదా వెలుగు, అన్నాడు.

నేను పెరటి గోడ దగ్గర నిలబడి చూస్తున్నాను. నా మనసాగలేదు. మా ఆవిణ్ణి పిలిచి చెప్పాను: "దీపం మనిషికి ముందు పెట్టాడు. మనిషి నీడ ఇంతై వెనక గోడమీద పడుద్ది. చిన్న బల్బు తీసుకుని, నెత్తి మీద కట్టి, దానికో డబ్బా రేకు బోర్లించమని చెప్పు. వెలుగు చేతుల మీద మాత్రమే పడుద్ది." మా ఆవిడ వెళ్ళి వాళ్ళమ్మతో చెప్పింది. వాళ్ళమ్మ మావగారితో చెప్పింది. మావగారు ఏటి ఒడ్డు నుంచే నావైపు తిరిగి, రెండు చేతులూ ఎత్తి, "అల్లుడుగారు చెప్పాక తిరుగేముందండీ! అట్లాగే!" అని గట్టిగా అన్నారు. అని, మైకు సెట్టాయనకు కాఫీ ఇప్పించి పంపించేశారు. దీపం ఎక్కడుందో అక్కడే ఉంది. అల్లుడి మాట కాదనకూడదు. వినాలని మాత్రం ఎక్కడా లేదు.

ఆ సాయంత్రమే దీపం వెలిగించారు. మావగారు కొబ్బరికాయ కొట్టి, తలపాగా చుట్టుకుని లోపలికి వెళ్ళి ఏటికి వారగా తిరిగి కూర్చున్నారు. అత్తగారు పెరటి గోడ దగ్గర చాట ముందు పెట్టుకుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. ఆవిడ పక్కన మా ఆవిడ. నాకు నా కుర్చీ పెరట్లోకి తెచ్చి వేశారు.

తీగ తగిలించగానే గుడారం మొత్తం పాలరంగులో వెలిగిపోయింది. మావైపున్న వెనక గోడమీద మావగారు ప్రత్యక్షమయ్యారు. మామూలుగా ఆయన బక్కపలచని మనిషి. గోడమీద మాత్రం భీముడు. తలపాగా, మీసం కొస, గాలపు కర్ర, అన్నీ స్పష్టంగా. పొలాల నుంచి తిరిగొచ్చేవాళ్ళు గట్టుమీద ఆగిపోయారు. తోలుబొమ్మలాట చూసి ఎన్నాళ్ళయిందో మరి, ఇద్దరు ముగ్గురు చతికిలబడి కూర్చున్నారు కూడా. గోడమీది మావగారు ఎర గుచ్చారు. గాలం విసిరారు. అత్తగారి మొహంలో గర్వం చూడాలి.

అప్పుడు గోడమీది చెయ్యి మెల్లగా తలపాగా మడతలోకి వెళ్ళింది. అందులోంచి బెత్తెడు పొడుగున్నదేదో తీసింది. నీడ దాని కొస కొరికి ఉమ్మింది. నోట్లో పెట్టుకుంది. అగ్గిపుల్ల భగ్గుమంది. మావగారి నీడలోంచి పొగ నీడ లేచి గుడారం కప్పుదాకా పాకింది.

చాటలో మిరపకాయలు గలగలలాడటం ఆగిపోయింది.

చుట్టలు మానేశానని ఆయన కిందటి ఏడు దసరాకి అత్తగారి చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టారట. నాకు తర్వాత తెలిసింది. పాపం, అన్యాయంగా లాంతరు నింద మోసింది.

అత్తగారు అరుస్తుందనుకున్నాను. అరవలేదు. చాటలోంచి ఒక మిరపకాయ తీసి పక్కన నేలమీద పెట్టింది. కాసేపటికి గోడమీది చెయ్యి మళ్ళీ తలపాగాలోకి వెళ్ళింది. ఇంకో మిరపకాయ పక్కన చేరింది. తర్వాత తలుపు చాటుకి వెళ్ళి, నాకు వినబడేలా కూతురితో అంది: "మీ ఆయనకి చెప్పమ్మా. గోడ సంగతి మీ నాన్నకి చెప్పొద్దని. చెప్తే దీపం మార్చేస్తాడు, నాకు లెక్క తెలీకుండా పోద్ది."

మా ఆవిడ నావైపు తిరిగింది. "విన్నా" అన్నాను.

అన్నాలయ్యాక, ఆకు నముల్తున్న మావగారి దగ్గరికెళ్ళి ఆవిడ నెమ్మదిగా అడిగింది. "ఇయ్యాల రెండు కాల్చారంటగా?"

మావగారు ఆకు మింగేశారు. చుట్టూ చూశారు. ఆ చూపు ఇంట్లో వాళ్ళందరి మీదా తిరిగి, చివరికి కుర్చీలో ఉన్న నా మీద ఆగింది. కూతురు చెప్పదు. పాలేరు అసలే ఊళ్ళో లేడు. మిగిలింది బయటినుంచి వచ్చినవాడు. "ఇంటిగుట్టు లంకకు చేటని ఊరికే అన్లేదు పెద్దలు" అని ఎవరితోనూ కాకుండా అని లేచి వెళ్ళిపోయారు.

అప్పటినుంచి నా గతి చూడండి. ఊళ్ళో ఒక్కరు కూడా ఆయనకు గోడ సంగతి చెప్పలేదు. పెద్దాయనకు మొహం మీద ఎలా చెబుతారు? పైగా చెబితే సాయంత్రం ఆట పోతుంది. అత్తగారు రోజూ మిరపకాయలు లెక్క పెడుతోంది, రోజూ అన్నాలయ్యాక లెక్క అప్పజెబుతోంది. నేను లేని రోజుల్లోనూ లెక్క తప్పకపోయేసరికి, నేను ఊళ్ళో ఎవరినో కాపలా పెట్టానని ఆయన తేల్చుకున్నారు.

అల్లుణ్ణి తిట్టకూడదు కదా. అందుకని మర్యాద పెంచారు. మరుసటి శనివారం కుర్చీ ముందు కాళ్ళు పెట్టుకోవడానికి ముక్కాలిపీట వెలిసింది. వీపు వెనక దిండొచ్చింది. "అల్లుడుగారండీ" అనడం మొదలుపెట్టారు. గారు ఒకటీ అండీ ఒకటీ. అంత మర్యాద నేను నా శత్రువుకి కూడా కోరుకోను.

అదంతా నవ్వుకుని ఊరుకునేవాణ్ణే. కానీ ఒక్కటి మాత్రం బాధించింది. అంతకు ముందు రాత్రి పడుకోబోయే ముందు ఆయన నా కుర్చీ పక్కన అరుగు మీద కూర్చుని చేపల కబుర్లు చెప్పేవారు. కొరమీను ఎంత మొండిదో, వాలుగ ఎర ముట్టినప్పుడు నీళ్ళమీద తేలే బెండు ఎలా పక్కకి జారుతుందో, జెల్ల ముల్లు గుచ్చుకుంటే ఏం చెయ్యాలో. ఆ పావుగంట ఆయన నన్ను అల్లుడినని మర్చిపోయేవారు. ఆ ఇంట్లో నాకు దొరికిన సొంత వస్తువు అదొక్కటే. అది ఆగిపోయింది. రెండు శనివారాలు ఆయన అరుగు మీదికి రాలేదు. నాకు నిజంగా దుఃఖం వచ్చింది. నోరు విప్పుదామంటే అత్తగారు నోటికి తాళం వేసింది. ఆవిడ నాకు చెప్పిన మొట్టమొదటి పని కూడా అదే కదా, మాట్లాడకుండా కూర్చోమని. కాదనలేను.

మూడో వారం ఆదివారం సాయంత్రం ఉండబట్టలేకపోయాను. అత్తగారు చెప్పొద్దంది గానీ, చూపించొద్దనలేదు. బాగా చీకటిపడ్డాక కుర్చీలోంచి లేచి, పెరటి తలుపు తీసుకుని గట్టు దిగాను. అత్తగారు ఇంట్లో పొయ్యి దగ్గరుంది. చాటా, దాని పక్కన మూడు మిరపకాయలూ పెరటి గోడ దగ్గరే ఉన్నాయి.

గుడారం దగ్గరికెళ్ళి, "మావయ్యగారూ" అన్నాను. లోపల కంగారు. ఏదో నేలమీద నొక్కిన చప్పుడు. ఆయన తల బయటికి పెట్టి, "మీరెందుకండీ ఇక్కడికి, బురద, ముళ్ళూ" అన్నారు.

"నేనెవరికీ ఏమీ చెప్పలేదండీ. ఎవరు చెప్పారో చూపిస్తా. మీరోసారి ఆ తుమ్మచెట్టు కింద నిలబడి గుడారం కేసి చూడండి."

ఆయనకు నమ్మకం లేకపోయినా వెళ్ళారు. అల్లుడు అడిగితే కాదనకూడదు కదా. నేను ఆయన తలపాగా అడిగి తీసుకుని చుట్టుకున్నాను. లోపల ఆయన పీటమీద కూర్చున్నాను. గాలపు కర్ర పట్టుకున్నాను. ఒక పుల్ల నోట్లో పెట్టుకుందామనుకున్నాను గానీ, నేను పని చేస్తే సగం సగం చెయ్యను. ఆయన నొక్కేసిన చుట్ట ఇంకా పొగ వస్తూ కాళ్ళ దగ్గరే ఉంది. తీసి నోట్లో పెట్టుకుని అగ్గిపుల్ల గీసి ఒక్క గుక్క గట్టిగా లాగాను. నా జన్మలో అదే మొదటి చుట్ట. కళ్ళలోంచి, ముక్కులోంచి, బహుశా చెవుల్లోంచి కూడా నీళ్ళొచ్చాయి.

బయట తుమ్మచెట్టు కింద నుంచి "ఓర్నాయనో!" అని వినబడింది. గోడ రహస్యం తెలిసిపోయింది. నా పని అయిపోయింది. లేవబోతున్నాను.

సరిగ్గా అప్పుడే అత్తగారు వంటింట్లోంచి చాట తీసుకుపోదామని పెరట్లోకి వచ్చిందట. గోడమీద తలపాగా, నోట్లో చుట్ట, కప్పుదాకా పొగ చూసింది. నాలుగో మిరపకాయ. మూడు దాటిన రోజు లేదు అప్పటిదాకా. ఇక చాట వదిలేసి గట్టు దిగింది. తుమ్మచెట్టు కింద నిలబడ్డ మనిషి ఆవిడకు కనబడలేదు. ఆ మనిషి నోరు పెగిలి పిలిచేలోపే గుడారం ముందుకి వచ్చేసింది.

నేను దగ్గుతూ తల వంచుకుని ఉన్నాను. తలపాగా కనబడుతోంది. మొహం కనబడదు.

"నాలుగా! నాలుగూ కాల్చావా!" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "నీ ఊపిరి నీకు బరువైందా? నీకేం, పగలంతా కాల్చి రాత్రి దగ్గుకుంటా పడుంటావు. తెల్లార్లూ నీ గుండె మీద చెయ్యేసుకుని కూర్చునేది నేను! ఊపిరి ఆడతందో లేదో చూసుకుంటా కూర్చునేది నేను! ఇంట్లో పసిగుడ్డు రాబోతంది, దాన్ని ఎత్తుకునేదాకా ఉండవా నువ్వు?"

నేను తలెత్తాను. ఎత్తకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ మాటలు నా కోసం కావు. ఎవరి కోసమో ఆయన పదడుగుల దూరంలో చీకట్లో నిలబడి అన్నీ విన్నారు.

"అత్తయ్యగారూ" అన్నాను, పొగ వదుల్తూ.

మామూలుగా అయితే ఆవిడ చీరకొంగు నెత్తిమీదికి లాక్కుని ఏ చెట్టు చాటుకో పోవాలి. పోలేదు. కోపం మంచి వేగంమీదుంది. అంత వేగంలో మనిషి మారినా బండి ఆగదు.

"నువ్వా! నీకేం పోయేకాలం వచ్చింది? రేపోమాపో బిడ్డకి తండ్రివి కాబోతా చుట్టలా? పారెయ్యది! పారెయ్యమంటంటే!"

మున్నేట్లోకి విసిరేశాను. చుయ్‌మంది.

తుమ్మచెట్టు కింద నుంచి గరగరమని నవ్వు. ఆవిడ గిరుక్కున తిరిగింది. "నవ్వుతున్నారా? మీరా ఈ అబ్బాయికి నేర్పింది? వయసొచ్చింది గానీ బుద్ధెప్పుడొస్తది మీకు?" మా ఇద్దర్నీ ముందు నడిపించుకుని గట్టెక్కించింది. గట్టుమీద కూర్చున్నవాళ్ళు మర్యాదగా లేచి నిలబడ్డారు. ఆ రాత్రి మా ఇద్దరికీ పచ్చిపులుసు తప్ప ఇంకేమీ వడ్డించలేదు. మావగారు నా పక్కన కూర్చుని, అన్నం కలుపుకుంటూ గొంతు తగ్గించి, "ఆ దీపం పైకి మార్చి, డబ్బా రేకు బోర్లించాలన్నావంట కదా. వచ్చే వారం తెచ్చిపెట్టు" అన్నారు.

ఆయన నాకు చెప్పిన మొదటి పని. నిద్ర పట్టలేదు.

నందిగామలో ఆ వారమంతా ఆఫీసులో ఏం చేశానో గుర్తు లేదు. పాలపొడి డబ్బా ఒకటి సంపాదించి, సగానికి కోసి, అంచులు చెయ్యి తెగకుండా సుత్తితో మడిచి, లోపల తెల్లరంగు వేశాను. రేగిపండంత చిన్న బల్బు, దానికి హోల్డరు, మధ్యలో స్విచ్చి, బాటరీకి పట్టుకునే పళ్ళక్లిప్పులు. అది తలమీద వేలాడితే వెలుగు రెండు చేతుల మీదే గుండ్రంగా పడుతుంది. గోడలు చీకటి. బాటరీ రెండింతల రోజులొస్తుంది. నా సర్వీసులో అంత శ్రద్ధగా చేసిన పని ఇంకోటి లేదు.

శనివారం బస్సు ఆలస్యమైంది. దిగేసరికి పొద్దు గూకింది. ఇంటికి పోకుండా నేరుగా ఏటి గట్టుకే వెళ్ళాను. గుడారం పాలలా వెలుగుతోంది. గోడమీద మావగారు గాలం పట్టుకుని కదలకుండా ఉన్నారు. లోపలికి తల వంచి డబ్బా చేతికిచ్చాను.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. అంచుమీద వేలు పెట్టి రాశారు. స్విచ్చి రెండుసార్లు నొక్కారు. "బాగా చేశావురా" అన్నారు. రా అన్నందుకు నాకు కలిగిన సంతోషం నేను దాచుకోలేకపోయాను. తర్వాత ఆయన దీపం కేసి చూశారు.

"కానీ అది అక్కడే ఉండనీ" అన్నారు. "ఆవిడ చూస్తందని తెలిస్తే నా చెయ్యి తలపాగా మీదికి పోవట్లా. ఈ వారంలో మొత్తం మూడే." నీళ్ళమీది బెండు కేసి చూసి, "గుండె మీద చెయ్యేసుకుని కూర్చుంటదని నాకు తెలీదురా. నిద్రపోతందనుకున్నా" అన్నారు.

వారం రోజుల నా పనితనాన్ని ఆయన మూడు క్షణాలు చూసి, లోపలి తెల్లరంగు మీద చారెడు మట్టి పోసి, అందులో ఎర్రలు వేసుకున్నారు. నిజానికి అంతకంటే మంచి ఎర్రల డబ్బా ఆ ఏటి పొడుగునా లేదు.

పెరటి తలుపు తోసుకుని ఇంటికెళ్ళాను. ముందు వరండాకేసి చూశాను. కుర్చీ లేదు. తువ్వాలూ లేదు. ముక్కాలిపీట లేదు. చుట్ట సంగతి ఆవిడ మనసులో ఇంకా ఉందన్నమాట.

వెనక్కి తిరిగితే అప్పుడు కనబడింది. పెరటి గోడ దగ్గర, ఏటివైపు మొహం పెట్టి నా టేకు కుర్చీ ఉంది. అందులో అత్తగారు హాయిగా వెనక్కి ఆనుకుని కూర్చుంది. చాట ఒళ్ళో ఉంది. పక్కన నేలమీద మిరపకాయ ఒక్కటి కూడా లేదు. మా ఆవిడ గోడకానుకుని నన్ను చూసి నోరు మూసుకుని నవ్వుతోంది.

అత్తగారు లేవలేదు. కొంగు సర్దుకోలేదు. గుడారం మీంచి చూపు కూడా తిప్పలేదు.

"వచ్చావా అబ్బాయ్? ఇంట్లో చుక్క నీళ్ళు లేవు. నాకు కాళ్ళు లాగుతున్నాయి. నూతి దగ్గర బిందెలున్నాయి, రెండు తోడిపొయ్యి" అంది.

ప్యాంటు మడతపెట్టి నూతి దగ్గరికెళ్ళాను. చేంతాడు అరచేతులకు గరుగ్గా తగిలింది. రెండు పొయ్యమంది గానీ, నేను నాలుగు పోశాను. నాలుగోది మోసుకొస్తూ గడపమీద కాస్త ఒలికించాను.

"కళ్ళు నెత్తికెక్కాయా? చూసుకు నడువు" అంది.